పెద్దవాళ్ళు "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే ఏం అడగాలి, ఏం చూడాలి

పోయిన సంవత్సరం ఆరు నెలల తేడాలో మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకి కళ్ళు తిరిగాయి. మా అత్తయ్యకి 72, మా నాన్నకి 78. ఇద్దరూ చెప్పింది ఒకే మాట, "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అని. వీధి చివర మందుల షాపులో ఇద్దరికీ ఇచ్చింది కూడా ఒకే మాత్ర. తీరా చూస్తే అత్తయ్య బాధ చెవిలో ఉంది, నాన్నది ఆయన రోజూ వేసుకునే మందుల డబ్బాలో ఉంది. ఆ మాత్ర ఇద్దరికీ పనిచెయ్యలేదు, పైగా దానివల్ల నాన్న రోజంతా మగతగా ఉండి ఇంకా ఎక్కువ తూలారు. నేను డాక్టర్ని కాదు. ఇద్దర్నీ ఆస్పత్రుల చుట్టూ తిప్పి, ప్రతి డాక్టరు ముందూ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ కాగితాల్లోంచి రాస్తున్నాను.

చిక్కు మన మాట దగ్గరే మొదలవుతుంది. గది గిర్రున తిరిగినా కళ్ళు తిరగడమే, లేచి నిలబడగానే చీకట్లు కమ్మినా కళ్ళు తిరగడమే, స్పృహ తప్పితే "కళ్ళు తిరిగి పడిపోయాడు" అంటాం, పొద్దున్నుంచి ఏమీ తినక నీరసంగా ఉన్నా అదే మాట. ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు "గిడ్డీగా ఉంది" అంటారు, దానివల్ల ఒరిగేదీ ఏమీ లేదు. నిజానికి మన దగ్గర వేరువేరు మాటలున్నాయి: గిర్రున తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, తూలడం, తల దిమ్ముగా ఉండటం. డాక్టర్లు చేసే నాలుగు రకాల విభజన కూడా ఇంచుమించు ఇదే. చుట్టూ ఉన్నవి తిరుగుతున్నట్టు ఉంటే లోపలి చెవో, మెదడులో బ్యాలెన్స్ చూసే భాగమో అనుమానించాలి. బైర్లు కమ్మితే రక్తం తలకి సరిగ్గా అందడం లేదని, అంటే బీపీ, గుండె, రక్తం తక్కువగా ఉండటం లాంటివి. తల బాగానే ఉండి కాళ్ళే మాట వినకుండా తూలుతుంటే నరాలు, చూపు, కీళ్ళు. తల దిమ్ముగా, తేలిపోతున్నట్టు ఉంటే మందులు, నిద్రలేమి, టెన్షన్, ఇంకా చాలా ఉండొచ్చు.

అయితే ఒక్క మాటనే నమ్ముకోవద్దు. మా నాన్న పొద్దున "గిర్రున తిరిగింది" అన్నారు, మధ్యాహ్నం డాక్టరు దగ్గర "అబ్బే, చీకట్లు కమ్మాయండీ" అన్నారు. పెద్దవాళ్ళలో ఇది మామూలే, పైగా ఒకే మనిషికి రెండు మూడు కారణాలు కలిసి ఉండటం కూడా మామూలే. అందుకని మాట కంటే ముఖ్యంగా అడగాల్సినవి రెండు: ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది. సెకన్లా, నిమిషాలా, గంటలా, రోజులా? వాళ్ళు "చాలాసేపు" అంటారు. "పాలు పొంగేంతసేపా, ఒక సీరియల్ అయ్యేంతసేపా?" అని అడగండి, అప్పుడు సరైన జవాబు వస్తుంది.

ముందు ఇది కాదని తేల్చుకోండి

హఠాత్తుగా తల తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగుడు పడకపోయినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, పట్టుకుని నిలబెట్టినా నిలబడలేకపోయినా, అది పక్షవాతం కావచ్చు. నిమ్మరసం కలిపి ఇస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మింగుడు పడనప్పుడు నీళ్ళు తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు కాబట్టి ఆస్పత్రిలో ముందు అడిగేది అదే.

పక్షవాతం అనగానే మనకి చెయ్యీ కాలూ పడిపోవడమే గుర్తొస్తుంది. మెదడు వెనక భాగానికి వచ్చే దాంట్లో చేతులూ కాళ్ళూ శుభ్రంగా ఆడతాయి, తల తిరగడం, వాంతులు, నడవలేకపోవడం మాత్రమే ఉండొచ్చు. అలాంటప్పుడు మొదటి గంటల్లో తీసిన సీటీ స్కాన్ నార్మల్‌గా వచ్చే అవకాశం కూడా ఉంది. స్కాన్ బాగుందన్నారు కానీ మనిషి నిలబడలేకపోతున్నారంటే ఇంటికి వచ్చెయ్యకండి, ఎమ్మారై అవసరమా అని అడగండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడతో పాటు కళ్ళు తిరిగినా, ముందు ఏ సూచనా లేకుండా స్పృహ తప్పినా, మెట్లెక్కుతుంటే బైర్లు కమ్మినా, ఆలస్యం చెయ్యకుండా గుండెని చూపించాలి, ఈసీజీ తీయించాలి. విరేచనం తారులా నల్లగా వస్తూ కళ్ళు తిరుగుతుంటే లోపల రక్తం పోతోందేమో చూడాలి, కీళ్ళ నొప్పులకి మాత్రలు మింగేవాళ్ళలో మరీనూ. తలకి దెబ్బ తగిలి, రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళయితే దెబ్బ చిన్నదైనా చూపించాల్సిందే.

అత్తయ్య కథ: మంచం తిరిగింది

ఫిబ్రవరిలో, తెల్లవారుజామున నాలుగున్నరకి, "అమ్మాయ్, మంచం తిరిగిపోతోంది, పట్టుకో" అని కేక. వెళ్ళేసరికి మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు, ఒళ్ళంతా చెమట. నేను మాట్లాడించి, చేతులు ఎత్తించి చూసేలోపే తగ్గిపోయింది, నిమిషం కూడా పట్టలేదు. లేచి బాత్రూమ్‌కి మామూలుగా నడిచి వెళ్ళారు. తిరిగొచ్చి కుడిపక్కకి ఒత్తిగిలగానే మళ్ళీ అదే కేక.

ఆ రెండు ముక్కల్లోనే జబ్బు పేరు ఉంది: పక్కకి ఒత్తిగిలినప్పుడు, నిమిషం లోపు. దీన్ని బీపీపీవీ అంటారు. పెద్దవాళ్ళలో గిర్రున తిరగడానికి చాలా ఎక్కువగా కనిపించే కారణం ఇదే. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ నలకలు ఉంటాయి, గుడ్డు పెంకులో ఉండేది కూడా ఆ పదార్థమే. వయసు వల్లో, తలకి దెబ్బ వల్లో, ఒక్కోసారి ఏ కారణం లేకుండానో అవి ఊడి, పక్కనే ఉండే అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడు అవి దొర్లి, మనిషి తిరుగుతున్నాడని మెదడుకి తప్పుడు కబురు పంపుతాయి. పడుకోబోతుంటే, పక్కకి తిరిగితే, దండెం మీద బట్టలు ఆరేస్తుంటే, అటక మీది జాడీ కోసం తల ఎత్తితే, తలంటుకి తల వెనక్కి వాల్చితే వస్తుంది. తల కదపకుండా ఉంటే ఆగిపోతుంది.

మేము మొదట వెళ్ళిన చోట (పేరు చెప్పను) అత్తయ్యని పడుకోబెట్టి చూసినవాళ్ళే లేరు. మెడ ఎక్స్‌రే తీసి, స్పాండిలైటిస్ అని చెప్పి, మెడకి పట్టీ వేసి, పదిహేను రోజులకి మాత్రలు రాశారు. అరవై దాటినవాళ్ళలో దాదాపు ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా అరుగుదల కనిపిస్తుంది, అంతమాత్రాన కళ్ళు తిరగడానికి అదే కారణం అయిపోదు. మన దగ్గర ఈ నేరం మోసేవి రెండే, ఒకటి మెడ నరాలు, రెండోది పైత్యం. పైత్యం అని అల్లం రసం తాగిస్తే వికారం కాస్త తగ్గుతుందేమో గానీ చెవిలో నలకలు మాత్రం అక్కడే ఉంటాయి.

రెండో చోట ఈఎన్‌టీ డాక్టరు చేసింది చూస్తే ఆశ్చర్యపోతారు. అత్తయ్యని బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చోబెట్టారు. తల కుడివైపుకి 45 డిగ్రీలు తిప్పి, భుజాలు పట్టుకుని గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు, తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వాలేట్టు. నాలుగైదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత అత్తయ్య "అమ్మో" అన్నారు, ఆవిడ కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటూ తిరగడం నాకు స్పష్టంగా కనిపించింది. "కుడి చెవి" అన్నారు డాక్టరు. అక్కడే వైద్యం కూడా మొదలైంది. కళ్ళు తిరగడం ఆగి ఇంకో అర నిమిషం అయ్యాక తల నెమ్మదిగా ఎడమవైపుకి 90 డిగ్రీలు తిప్పారు, మళ్ళీ ఆగారు. తర్వాత మనిషిని మొత్తంగా ఎడమ పక్కకి ఒత్తిగిలించి ముక్కు నేల వైపు ఉండేలా పట్టుకున్నారు, మళ్ళీ ఆగారు. చివరికి అదే పక్క నుంచి లేపి కూర్చోబెట్టారు. నలకల్ని దొర్లించి దొర్లించి గొట్టంలోంచి బయటికి పంపేశారన్నమాట. దీన్ని జాన్ ఎప్లీ అనే అమెరికన్ చెవి డాక్టరు కనిపెట్టారు, 1992లో వచ్చిన ఆయన వ్యాసం తర్వాత ప్రపంచమంతా వ్యాపించింది. మందు లేదు, సూది లేదు. అత్తయ్యకి రెండోసారి చేశాక పూర్తిగా పోయింది.

ఇది వీడియో చూసి ఇంట్లో చేసేద్దాం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఏ చెవో, మూడు గొట్టాల్లో ఏ గొట్టమో తెలియకుండా చేస్తే లాభం లేదు, పక్క గొట్టం అయితే చేసే పద్ధతే వేరు. మెడ, వెన్ను సమస్యలు, రెటీనా జబ్బు, మెడలోని రక్తనాళాల్లో అడ్డంకి ఉన్నవాళ్ళకి ముందు డాక్టరు చూడకుండా అసలు చేయకూడదు. మొదటిసారి డాక్టరు దగ్గరో, తెలిసిన ఫిజియో దగ్గరో చేయించుకుని, ఇంట్లో ఎలా చేయాలో వాళ్ళతోనే చూపించుకోండి.

నాన్న కథ: బీపీ మిషన్ కుర్చీలోనే ఎందుకు?

నాన్నది ఇంకో రకం. పూజ దగ్గర పీట మీంచి లేస్తే, బాత్రూమ్‌లోంచి వస్తుంటే, పొద్దున పదింటి ప్రాంతంలో. పది సెకన్లు బైర్లు కమ్మడం, గోడ పట్టుకోవడం, తగ్గిపోవడం. ఆస్పత్రిలో ప్రతిసారీ కూర్చోబెట్టి బీపీ చూసి "బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళు. పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి చూస్తే గానీ బండారం బయటపడలేదు.

ఇంట్లో డిజిటల్ మిషన్ ఉంటే మీరే చూడొచ్చు. 5 నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి ఒకసారి కొలవండి. లేపి నిలబెట్టి, పక్కన ఒక మనిషి పట్టుకుని ఉండగా, 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి. కొలిచేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, వేలాడకూడదు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, దాని వల్లే కళ్ళు తిరుగుతుండొచ్చు. నాన్నకి పడుకున్నప్పుడు 146/80, నిలబడిన నిమిషానికి 114/68. ఆయనకి బాగా తిరిగే వేళకే, అంటే పొద్దున మాత్రలు వేసుకున్న గంటన్నరకి కొలిచాను, సాయంత్రం కొలిస్తే ఇంత తేడా దొరికేది కాదేమో. మిషన్ లేకపోతే ఏఎన్‌ఎంనో, ఆర్‌ఎంపీ డాక్టర్నో ఇలా పడుకోబెట్టి, నిలబెట్టి చూడమని అడగండి, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది.

కారణం మందుల డబ్బా. బీపీ మాత్ర ఒకటి, నీరు పోవడానికి ఇంకొకటి, ప్రోస్టేట్ కోసం వేరే డాక్టరు రాసిన టామ్సులోసిన్, మూడూ పొద్దున్నే ఒకేసారి. ముగ్గురు డాక్టర్లూ ఎవరి మందు వాళ్ళు సరిగ్గానే రాశారు, మూడూ కలిపి చూసినవాళ్ళే లేరు. మా ఫిజీషియన్ నీటి మాత్ర తగ్గించి, ప్రోస్టేట్ మాత్ర రాత్రి భోజనం తర్వాతకి మార్చారు, రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు జాగ్రత్త అని మరీ మరీ చెప్పారు. రెండు వారాల్లో తేడా తెలిసింది. కళ్ళు తిరుగుతున్నాయని మీ అంతట మీరు బీపీ మందు ఆపకండి, అది ఇంకో ప్రమాదం.

డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించి చూడండి, ఆయుర్వేదం పొడులూ, పక్కింటావిడ ఇచ్చిన నిద్రమాత్రలూ సహా. నిద్రకి వాడే ఆల్ప్రజోలం, క్లోనజెపం, అరికాళ్ళ మంటలకి వాడే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలు, ఇవన్నీ తూలించేవే. ఇక కళ్ళు తిరగడానికని ఇచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజీన్ మాత్రలు, ఇవి రెండు మూడు రోజులు ఇబ్బంది దాటడానికి మంచివే, కానీ మన పెద్దవాళ్ళు ఒకసారి రాసిన చీటీ మీద నెలలు, ఏళ్ళు మింగుతారు. అలా వాడితే చేతులు వణకడం, నడక మందగించడం, అచ్చం పార్కిన్సన్ జబ్బులా రావచ్చు. పైగా అవి మెదడుని మత్తులో ఉంచి, అది బ్యాలెన్స్ మళ్ళీ నేర్చుకోకుండా అడ్డుపడతాయి.

లేచే పద్ధతి కూడా మార్చాం. పడుకునే పాదాలు పదిహేను ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించడం, అంచున కాళ్ళు వేలాడేసి నిమిషం రెండు నిమిషాలు కూర్చోవడం, నిలబడ్డాక మంచం పట్టుకుని ఆగడం, ఆ తర్వాతే అడుగు. "ఇన్ని తతంగాలా" అని నాన్న విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది. రాత్రి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, మే నెల ఎండల్లో అదొక్కటి చాలు పడెయ్యడానికి. పగలు ఎక్కువ, సాయంత్రం ఆరు తర్వాత తక్కువ తాగించండి (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి). మగవాళ్ళయితే రాత్రిపూట కూర్చుని మూత్రానికి వెళ్ళడం మేలు. పెళ్ళి భోజనంలాంటిది కడుపునిండా తిన్న గంట రెండు గంటల్లో కూడా బీపీ పడిపోతుంది, వెంటనే లేచి ఎండలో బయల్దేరనివ్వకండి.

తల బాగానే ఉంది, కాళ్ళే తూలుతున్నాయి

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోనే రెండు గుర్తులున్నాయి. ఒకటి, నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. రెండు, ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ముందుకి తూలడం. అరికాళ్ళ నుంచి కబురు రాకపోతే మనిషి కళ్ళతోనే బ్యాలెన్స్ చేసుకుంటాడు, అందుకే చీకట్లో, కళ్ళు మూసుకున్నప్పుడు పట్టు తప్పుతుంది. షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో, బీ12 తక్కువైన వాళ్ళలో ఇది ఎక్కువ. శాకాహారులకీ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్ళకీ బీ12 తగ్గే అవకాశం ఉంది, ఒకసారి పరీక్ష చేయించండి, దాంతో పాటు హిమోగ్లోబిన్, సోడియం కూడా. ఉప్పు బాగా తగ్గించేసి, పైన నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళలో సోడియం పడిపోయి మనిషి తూలుతూ, మాట తికమకగా ఉంటారు, ఇంట్లోవాళ్ళు మతిమరుపు అనుకుంటారు. శుక్లాలు ముదిరినా, కొత్తగా బైఫోకల్ అద్దాలు పెట్టుకుని మెట్లు దిగినా అడుగు తప్పుతుంది.

షుగర్ మాట వచ్చింది కాబట్టి: ఏకాదశి ఉపవాసం మానరు, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మానరు. పదకొండు గంటలకి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. ఉపవాసం రోజు మందు ఎలాగో ముందే డాక్టర్ని అడిగి పెట్టుకుంటే ఇద్దరికీ శాంతి, దేవుడికీ, మనకీ.

గంటలు, రోజులు ఉండేవి

ఇవి పెద్దవాళ్ళలో కాస్త తక్కువ, క్లుప్తంగా చెప్తాను. చెవిలో హోరు, చెవి దిమ్మ కట్టినట్టు ఉండి, వినికిడి తగ్గి, 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా గిర్రున తిరిగితే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. జలుబు చేసి తగ్గాక ఒక్కసారిగా మొదలై, రోజుల తరబడి ఆగకుండా తిరిగితే చెవి నరం వాపు కావచ్చు, అయితే పెద్దవాళ్ళలో పక్షవాతం కాదని తేల్చుకున్నాకే ఆ పేరు పెట్టాలి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి తలనొప్పి లేకుండా కూడా తల తిరగడం వస్తుంది. ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానేస్తే మాత్రం గుబిలి అనుకుని నూనె పోస్తూ కూర్చోకండి, ఒకటి రెండు రోజుల్లో ఈఎన్‌టీకి చూపించాలి, ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి

ఒకే కాగితం. ఎన్నాళ్ళ నుంచి, ఏం చేస్తుంటే, ఎంతసేపు, చెవి సంగతి, పడిపోయారా లేదా, పడుకుని, నిలబడి చూసిన బీపీ అంకెలు. మందుల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో. తిరుగుతున్నప్పుడు కళ్ళు తెరిపించి ఫోన్‌లో పది సెకన్లు కళ్ళ వీడియో తీయగలిగితే అది చాలా పనికొస్తుంది, కనుగుడ్లు ఎటు కొట్టుకుంటున్నాయో చూసి డాక్టరు సగం తేల్చేస్తారు. డాక్టరు అడిగినప్పుడు మనం అందుకుని చెప్పెయ్యకుండా పెద్దవాళ్ళనే చెప్పనివ్వాలి. ఇది నాకు కష్టమైంది.

ఇంట్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు: మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు, కమోడ్ పక్కన గోడకి గట్టి స్టీల్ రాడ్ (టవల్ రాడ్ మనిషి బరువు మొయ్యదు, ఊడి వస్తుంది), గుమ్మం దగ్గర జారే పట్టా తీసెయ్యడం, అటక మీది జాడీలు నడుము ఎత్తుకి దింపడం. ఇక భయం సంగతి. ఒకసారి తూలాక పెద్దవాళ్ళు నడవడం మానేస్తారు, మనమూ "కూర్చో నాన్నా" అంటాం, దాంతో కాళ్ళలో బలం పోయి ఇంకా తూలతారు. ఫిజియో చెప్పిన చిన్న వ్యాయామం నాన్న రోజూ చేస్తున్నారు: కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలని కాదు కాదు అన్నట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పడం. తర్వాత వంటగట్టు పట్టుకుని నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి.

అత్తయ్యకి ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. బీపీపీవీ మళ్ళీ రావడం మామూలే. ఈసారి ఎడమ చెవి. పాత చీటీ చూసి కుడివైపుకే చేసేద్దామనుకున్నాను, డాక్టరు దగ్గర పడుకోబెట్టి చూస్తే గానీ తెలియలేదు. మళ్ళీ వస్తే పోయినసారి వైపే అనుకోకండి.